ఫాస్టినా తల్లా, కూతురా? 11.24 గ్రాముల రోమన్ నాణెం గుర్తింపు

కాసులపేరు:
అందరికీ నమస్కారం. ఈ నాణెం కవరు మీద అమ్మినవారు "దివా ఫాస్టినా, వెనక సెరెస్, డుపోండియస్" అని రాశారు. అంటే దేవతగా ప్రకటించిన రాణి ఫాస్టినా, పంటల దేవత సెరెస్, డుపోండియస్ అనే చిల్లర నాణెం. ఆ మూడింట్లో ఏదీ రూఢిగా అనిపించడం లేదు. బరువు 11.24 గ్రాములు, అడ్డకొలత 26 మిల్లీమీటర్లు. బొమ్మ వైపు కుడికి చూస్తున్న స్త్రీ. మొదటి అక్షరాలు అరిగిపోయాయి, "...స్టినా అవ్‌గుస్..." అన్నంత వరకు చదవడానికి వస్తోంది. బొరుసు వైపు నిలబడి ఎడమకు చూస్తున్న స్త్రీ, కుడి చెయ్యి ముందుకు చాచింది, ఎడమ చేతి దగ్గర నిలువు గీత. కాలి పక్కన ఒక ముద్ద. రెండు పక్కలా ఎస్, సి (సెనేట్ ఆజ్ఞతో వేసినదని చెప్పే పొడి అక్షరాలు). ఒళ్ళంతా ముదురు పచ్చ, అంచు దగ్గర మూడు చోట్ల లేత పచ్చ చుక్కలు. రాణి ఎవరు, దేవత ఎవరు, డుపోండియసా, ఆస్ అనే ఇంకో చిల్లర నాణెమా, ఆ చుక్కల్ని ఏం చెయ్యాలి? ఫొటోలు జతచేశాను.

బొమ్మాబొరుసు:
ముందు కొప్పు చూడండి. చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ భార్య పెద్ద ఫాస్టినా జడలల్లి నడినెత్తిన చుట్టుకుంటుంది. నాణెం ఎంత అరిగినా ఆ కొప్పు తల పైన బుడిపెలా నిలుస్తుంది, చాలాసార్లు ముత్యాల పేటలు కూడా చుట్టి ఉంటాయి. కూతురు చిన్న ఫాస్టినా, అంటే తర్వాతి చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ భార్య, ముడి తల వెనక, మెడకు దగ్గరగా వేస్తుంది. మీ ఫొటోలో నడినెత్తి నున్నగా ఉంది, ఉబ్బు వెనక ఉంది. కూతురే.

అక్షరాలూ అదే చెబుతున్నాయి. తల్లి క్రీ.శ. 140 చివర్లో చనిపోయింది, సెనేట్ ఆమెను దేవతగా ప్రకటించింది. ఆమె కంచు నాణేల్లో అత్యధికం ఆ తర్వాతివే, వాటి మీద "దివా ఫాస్టినా" అనో "దివా అవ్‌గుస్టా ఫాస్టినా" అనో ఉంటుంది. దివా అంటే దేవత అయినామె, అవ్‌గుస్టా రాణి బిరుదు. ఈ రెండింట్లోనూ ఫాస్టినా అన్న మాటే చివర. మీ దాంట్లో ఫాస్టినా ముందు, అవ్‌గుస్టా వెనక. తల్లి బతికుండగా వేసిన నాణేల మీద కూడా ఈ వరస కొద్దిగా కనిపిస్తుంది కాబట్టి అక్షరాలొక్కటే చాలవు. ఇక్కడ కొప్పూ అక్షరాలూ ఒకే మాట చెబుతున్నాయి, సందేహం లేదు.

రాతలో 'యూ' ఉండాల్సిన చోటల్లా 'వీ' ఆకారమే చెక్కేవారు. అరిగినప్పుడు దాన్ని తలకిందులైన 'ఏ' అనుకుని తప్పు చదివేవాళ్ళు చాలామంది.

చిల్లర_డబ్బా:
లూసిల్లా, క్రిస్పినా కూడా ముడి వెనకే వేస్తారు కదా, కొప్పు ఒక్కటే చూసి చెప్పగలమా?

బొమ్మాబొరుసు:
చెప్పలేం, మీరన్నది నిజం. లూసిల్లా చిన్న ఫాస్టినా కూతురే, ముఖంలో పోలిక కూడా ఉంది. ఆమె నాణేల మీద పేరు చాలావరకు "లూసిల్లే అవ్‌గ్ ఆంటొనీని అవ్‌గ్ ఎఫ్" అని, అంటే "ఆంటొనైనస్ చక్రవర్తి కూతురు లూసిల్లా అవ్‌గుస్టాకు" అన్న చతుర్థీ విభక్తిలో ఉంటుంది. ఆంటొనైనస్ అంటే ఇక్కడ మార్కస్ ఆరీలియసే. క్రిస్పినాను మార్కస్ ఆరీలియస్ కొడుకు కొమోడస్ 178లో పెళ్ళాడాడు, ఆమెది "క్రిస్పినా అవ్‌గుస్టా". కాసులపేరు గారి నాణెంలో "స్టినా" ఉంది కాబట్టి వాళ్ళిద్దరూ పక్కకు పోతారు. అసలు అక్షరాలే లేని నాణెమైతే "ఆంటొనైన్ వంశపు రాణి" అని రాసి ఊరుకోవడమే సరైన పని.

ఇక దేవత. కాసులపేరు గారూ, బొరుసు వైపు ఇంకోసారి ఫొటో తీయాలి. గదిలో దీపాలన్నీ ఆర్పి, నాణెం నల్ల గుడ్డ మీద పెట్టి, ఒక చిన్న లైటును దాదాపు బల్లకు ఆనించి, పది పదిహేను డిగ్రీల వాలులో వెలుగు పడనివ్వండి. ఫోను కదలకుండా నాణేనికి నిలువుగా పైన ఉండాలి. లైటు మాత్రం గడియారపు ముల్లులా చుట్టూ తిప్పుతూ ఎనిమిది ఫొటోలు. ఒక కోణంలో కనిపించని గీత ఇంకో కోణంలో నీడతో లేస్తుంది. ఫ్లాష్ వాడితే ఉన్న ఎత్తుపల్లాలు కూడా చదునైపోతాయి.

కాసులపేరు:
తీశానండీ. ఎడమ పక్క నుంచి వెలుగు పడినప్పుడు కాలి దగ్గరి ముద్దకు కిందికి వాలిన తోక లాంటిది, పైన సన్నటి మెడ కనిపిస్తున్నాయి. చాచిన చేతిలో చిన్న గుండ్రటి పళ్ళెం. నిలువు గీత నేల దాకా వచ్చింది.

బొమ్మాబొరుసు:
అయితే దేవతల రాణి జూనో. చేతిలో తర్పణపు పళ్ళెం, ఎడమ చేత పొడవాటి రాజదండం, పాదాల దగ్గర నెమలి. మూడూ కలిశాయి. బొరుసు మీద ఎడమ అంచు వెంబడి "ఐ, వీ, ఎన్, ఓ" నాలుగు అక్షరాల జాడ వెతకండి, ఈ రకంలో ఆ ఒక్క మాటే ఉంటుంది.

సెరెస్ అయితే చాచిన చేతిలోంచి గోధుమ కంకులు కిందికి వేలాడతాయి, రెండో చేతిలో దివిటీ. దివిటీకి పై కొన లావుగా, మంట ఆకారంలో ఉంటుంది. రాజదండానికి పైనంతా ఒకే సన్నం, చివర చిన్న గుండు. అరిగిన నాణెంలో ఈ ఒక్క తేడా చూడకపోవడం వల్లే జూనోకు సెరెస్ అని చీటీ పడుతుంది.

కాలి దగ్గరి ముద్ద కూడా అంతే, దాని ఆకారం బట్టి దేవత మారిపోతుంది. తోక వాలితే నెమలి, జూనో. నలుచదరంగా, పైన కొంచెం వెడల్పుగా ఉంటే హోమవేదిక, దాని మీద ధూపం వేస్తుంటే పీయెటాస్, భక్తి దేవత. వేదిక చుట్టూ పాము చుట్టుకుని, ఆమె పళ్ళెంతో దానికి తినిపిస్తుంటే సాలుస్, ఆరోగ్య దేవత. నిలువుగా, తలా ఒళ్ళూ తెలిసేలా ఉంటే పిల్లవాడు, అప్పుడు ఫెకుండిటాస్, సంతానం ఇచ్చే తల్లి. కూర్చున్న దేవతల్లో సామరస్య దేవత కాన్‌కార్డియాను కుర్చీ చేతి కింద ఉండే చిన్న విగ్రహం పట్టిస్తుంది. పొయ్యి దేవత వెస్టా చేతిలో ఓ చిన్న ప్రతిమ గానీ పొడవు కాడ ఉన్న గరిటె గానీ ఉంటుంది. శీలానికి దేవత పుడిసిటియా మేలిముసుగు సర్దుకుంటూ ఉంటుంది, అది ఎంత అరిగినా ముఖం దగ్గరికి వెళ్ళిన చెయ్యి తెలిసిపోతుంది.

చిన్న ఫాస్టినా నాణేల్లో పిల్లలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. 147లో మొదటి బిడ్డ పుట్టగానే ఆమెకు అవ్‌గుస్టా బిరుదు వచ్చింది. ఆ తర్వాత పది మందికి పైగా కన్నది. 161లో కొమోడస్, అతని కవల పుట్టినప్పుడు వేసిన "సెక్యులి ఫెలిసిట్" రకంలో సింహాసనం మీద ఇద్దరు పసివాళ్ళు కూర్చుని ఉంటారు. "టెంపోర్ ఫెలిక్" రకంలో ఆమె చుట్టూ, చేతుల్లో కలిపి ఆరుగురు. రాజ్యానికి వారసులున్నారని సంతలో చిల్లర మార్చుకునే మనిషికి కూడా తెలియాలన్నదే ఆ బొమ్మల పని.

ఇత్తడిబిందె:
లోహం సంగతి నేను చెబుతాను. అందరం "కంచు నాణెం" అంటాం గానీ వీటిలో సగం కంచు కాదు, ఇత్తడి. మొదటి చక్రవర్తి అగస్టస్ చేసిన నాణేల సంస్కరణ తర్వాత సెస్టర్షియస్, డుపోండియస్ రెండూ ఓరికాల్కమ్ అనే ఇత్తడితో, ఆస్ రాగితో చేశారు. ఒక డెనారియస్‌కు (వెండి నాణెం) 4 సెస్టర్షియస్‌లు, 8 డుపోండియస్‌లు, 16 ఆస్‌లు. సెస్టర్షియస్ 25 గ్రాముల చుట్టుపక్కల, 32 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది, దాన్ని దేనితోనూ పొరబడం. చిక్కంతా డుపోండియస్, ఆస్ మధ్యనే. రెండూ ఒకే సైజు, బరువులు కూడా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. మీ 11.24 సరిగ్గా ఆ ఉమ్మడి జాగాలో ఉంది.

చక్రవర్తి బొమ్మ అయితే నీరో కాలం నుంచి సూర్యకిరణాల కిరీటం ఉంటే డుపోండియస్ అని తేల్చడం మామూలు. రాణుల తలకు ఆ కిరీటం పెట్టరు. అందుకే మిగిలింది రంగు ఒక్కటే: ఇత్తడి పసుపు, రాగి ఎరుపు. పచ్చ పొర కప్పేశాక అదీ కనబడదు. పొర సహజంగా లేచిపోయిన చోటు ఏదైనా ఉంటే భూతద్దంతో చూడండి. దయచేసి గీకి చూడకండి. అంచు మీద ఆకురాయితో గీసి రంగు చూడటం ఒకప్పటి అలవాటు, ఆ గీతలున్న నాణేలు ఇప్పటికీ బజారులో తిరుగుతున్నాయి.

గీకకుండా ఒక పరీక్ష ఉంది. 0.01 గ్రాము చూపించే త్రాసు మీద గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పెట్టి, త్రాసును సున్నా చెయ్యండి. సన్నటి నైలాన్ దారంతో నాణేన్ని నీళ్ళలో వేలాడదీయండి, గ్లాసు అడుగూ గోడలూ తగలకూడదు. అప్పుడు త్రాసు చూపించే అంకె అది తోసేసిన నీటి బరువు. 11.24ను ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. శుద్ధ రాగి 8.9, నూటికి ఇరవై పాళ్ళు యశదం (జింక్) ఉన్న ఇత్తడి 8.67 దగ్గర. నాణెం మీద గాలి బుడగ అంటుకుంటే తప్పు వస్తుంది, ముందు నీళ్ళలో ముంచి మెత్తటి కుంచెతో బుడగలు తుడవండి.

కాసులపేరు:
మూడుసార్లు చేశాను, మూడుసార్లూ 1.27. అంటే 8.85.

ఇత్తడిబిందె:
రాగి వైపు మొగ్గుతోంది. అయినా తీర్పు చెప్పేయకూడదు. 1.26 అయితే 8.92, 1.28 అయితే 8.78. చివరి అంకెలో ఒక్కటి మారితేనే అంత తేడా. పైగా మార్కస్ ఆరీలియస్ నాటికి ఓరికాల్కమ్‌లో యశదం తగ్గిపోయింది, తగరం, సీసం కలుస్తున్నాయి. పాత ఇత్తడి కరిగించి మళ్ళీ పోసిన ప్రతిసారీ యశదం ఆవిరై పోతుంది. సీసం సాంద్రత 11.3, అది కొద్దిగా కలిసినా ఇత్తడి లెక్క రాగి లెక్కలా కనిపిస్తుంది. ఎక్స్‌రే యంత్రంతో చూపించినా పై పొరలో యశదం ముందే కరిగిపోయి ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే తక్కువే చూపుతుంది. "ఆస్, డుపోండియస్ కూడా కావచ్చు" అని రాయండి. పెద్ద కేటలాగుల్లోనే చాలా రాణి నాణేలకు "ఆస్ లేదా డుపోండియస్" అని ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇత్తడి అనగానే మన ఇళ్ళలో చెయ్యి చింతపండు మీదికి పోతుంది. బిందెకు అది సరే. నాణేనికి చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఇత్తడి తోమే పొడి, ఏదీ తాకకూడదు. పుల్లదనంలోని ఆమ్లం పచ్చ పొరను కరిగిస్తుంది. రెండో శతాబ్దపు బొమ్మలోని సన్నటి గీతలు ఇప్పుడు ఆ పొరలోనే బతికున్నాయి. పొర పోతే గీతలూ పోతాయి, కింద గరుకుగా, గుంటలు పడిన ఎర్రటి లోహం మిగులుతుంది. తోమిన నాణేన్ని మళ్ళీ వెనక్కి తెచ్చే మార్గం లేదు.

చిలుము_వైద్యం:
ఆ లేత పచ్చ చుక్కల దగ్గర టూత్‌పిక్‌తో మెల్లగా తాకి చూడండి. గట్టిగా, నున్నగా ఉంటే మామూలు చిలుమే, వదిలేయండి. సున్నంలా పొడిగా రాలితే అది కంచు రోగం.

కాసులపేరు:
రెండు గట్టిగా ఉన్నాయి. మూడోది పొడి రాలింది, కింద చిన్న గుంట కనిపించింది.

చిలుము_వైద్యం:
అయితే ఆ నాణేన్ని ఈ రోజే మిగతావాటికి దూరంగా పెట్టండి. అంటురోగంలా పాకదు గానీ రాలిన పొడి వేరే నాణెం మీద పడి తేమ తగిలితే అక్కడా మొదలవుతుంది. లోపల చిక్కుకున్న క్లోరైడు, గాల్లోని తేమ, ఆక్సిజన్ కలిసి ఆమ్లం పుట్టిస్తాయి, ఆ ఆమ్లం కొత్త రాగిని తిని మళ్ళీ క్లోరైడు చేస్తుంది. అందుకే పైపైన తుడిస్తే ఆగదు.

పొడిని టూత్‌పిక్‌తో గుంట అడుగు దాకా తీసేయండి, భూతద్దం కింద, పొడిగా ఉన్నప్పుడే. తర్వాత ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 28 గ్రాముల సోడియం కార్బొనేట్, 22 గ్రాముల వంట సోడా కలపండి. ఇది ఐదు శాతం సెస్క్వికార్బొనేట్ ద్రావణం. కార్బొనేట్ అంటే నీరు లేని పొడి రకం. బజారులో దొరికే గడ్డల చాకలి సోడాలో సగానికి పైగా నీరే, ఆ లెక్క తప్పుతుంది. గాజు సీసాలో పోసి నాణెం వేసి, వారానికోసారి ద్రావణం మార్చండి. వారాలు పడుతుంది, నెలలూ పట్టవచ్చు. రోజూ చూడండి: నీలం రంగు ఎక్కువగా దిగుతుంటే ద్రావణం పొరను కూడా తింటోందన్నమాట, తీసేయాలి. తీశాక డిస్టిల్డ్ వాటర్‌లో రోజుకోసారి నీరు మారుస్తూ ఓ వారం కడగండి. ఆ కడిగిన నీటి చుక్కలో ఒక బొట్టు పలచటి నైట్రిక్ ఆమ్లం, ఆపై సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లగా మబ్బు పట్టకూడదు. ఆమ్లం వేయకుండా చూస్తే మిగిలిన సోడా కూడా తెల్లగా చేస్తుంది, క్లోరైడే అనుకుని భయపడతారు.

తర్వాత అసిటోన్‌లో ముంచి తీసి, టేబుల్ లైటు కింద ఒక రోజు ఆరనివ్వండి. బాగా ఆరాక సన్నటి మైక్రోక్రిస్టలైన్ మైనం రాసి, మెత్తటి గుడ్డతో అద్దండి. మ్యూజియంలలో మైనానికి ముందు ఆల్కహాల్‌లో కలిపిన మూడు శాతం బెంజోట్రయజోల్ కూడా వాడతారు. అది ఒంటికి మంచిది కాదు, చేతికి తొడుగు, గదిలో గాలి లేకుండా ముట్టుకోవద్దు.

దాచడమే అసలు వైద్యం. గాల్లో తేమ 40 శాతం లోపు ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో బీరువా లోపల కూడా అంత తక్కువ ఎన్నడూ ఉండదు. గాలి చొరని డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, ఒక తేమ కొలిచే కార్డు పెట్టండి. బియ్యంలో పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, బియ్యంలోనే పన్నెండు, పదమూడు శాతం తేమ ఉంటుంది. మెత్తగా వంగే పీవీసీ కవర్లు కూడా వద్దు, అవి జిగురు పచ్చదనం వదులుతాయి. మైలార్ (పాలిస్టర్ పొర) కవరు వాడండి.

చిల్లర_డబ్బా:
కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు హెలెనా, ఫౌస్టా కాలపు చిన్న నాణేలతో మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. 324 తర్వాతివి, 3 గ్రాములు, 19 మిల్లీమీటర్లు. అక్షరాలు పూర్తిగా ఉన్నవి కూడా అందుబాటు ధరకు దొరుకుతాయి. చక్రవర్తి కాన్‌స్టంటైన్ తల్లి హెలెనా వెనక భద్రతా దేవత సెక్యూరిటాస్, కొమ్మను కిందికి వంచి పట్టుకుని ఉంటుంది. భార్య ఫౌస్టా వెనక ఇద్దరు పసివాళ్ళను ఎత్తుకున్న స్త్రీ, పక్కన "సాలుస్" అనో "స్పెస్" (ఆశ) అనో. 326లో ఫౌస్టాను చంపించాక ఆమె నాణేలు ఆగిపోయాయి, హెలెనావి కొనసాగాయి. కింది గీత దిగువన టంకశాల గుర్తు ఉంటుంది: ఎస్ ఎం ఎ ఎన్ టి అంటే ఆంటియోక్, ఎస్ ఎం ఎన్ అంటే నికోమీడియా, ఎస్ ఎం కె అంటే సిజికస్. రోమ్ సెస్టర్షియస్‌లో మీకు దొరకని ఆధారం ఇది.

అంచుచూడు:
నకిలీల గురించి కూడా ఉండాలి కదా. కాసులపేరు గారి నాణెం అంచు ఫొటో చూశాను, చుట్టూ అతుకు గీత లేదు, ఒకచోట సన్నటి చీలిక ఉంది. దెబ్బకు బిళ్ళ సాగినప్పుడు పడే చీలిక అది, మంచి గుర్తు. పోతపోసిన నకిలీకి అంచున అతుకు, దాన్ని దాచడానికి ఆకురాయి గీతలు, ఉపరితలం మీద సూదిమొన బుడగలు, అక్షరాల మూలలు సబ్బులా గుండ్రంగా ఉంటాయి.

రాణుల సెస్టర్షియస్‌లలో ఇంతకంటే పెద్ద బెడద చెక్కుడు. నాణెం అసలుదే, కానీ అరిగిన జుట్టును ఎవరో ఉలితో మళ్ళీ చెక్కి ధర పెంచుతారు. అసలు అచ్చులో వెంట్రుకలు పైకి లేచి ఉంటాయి, చెక్కినదాంట్లో గాడిలా లోపలికి దిగి ఉంటాయి. చెవి, బుగ్గ నున్నగా అరిగిపోయి జడ మాత్రం నిన్న అల్లినట్టు ఉంటే కొనకండి. ముఖం చుట్టూ ఉన్న ఖాళీ స్థలం అద్దంలా చదునుగా ఉన్నా అంతే.

పదహారో శతాబ్దంలో పాడువాలో జొవాన్ని దా కవీనో పెద్ద సెస్టర్షియస్‌లకు అందమైన అనుకరణలు చేశాడు. పెద్ద ఆగ్రిప్పినా పేరున కంచర గాడిదలు లాగే బండి ఉన్న రకం వాటిలో ఒకటి. అసలుదాన్ని చక్రవర్తి కాలిగులా తన తల్లి ఆగ్రిప్పినా జ్ఞాపకార్థం వేయించాడు. కవీనో అక్షరాలు మరీ తీరుగా, బిళ్ళ మరీ గుండ్రంగా, పలచగా ఉంటాయి. వాటికీ ఇప్పుడు విలువ ఉంది, కానీ రోమన్ నాణెంగా కాదు.

కాసులపేరు:
ఇంకో సందేహం. రాణి ముఖమే దేవతగా చెక్కినవీ ఉంటాయంటారు, అవి ఎలా తెలుస్తాయి?

బొమ్మాబొరుసు:
చక్రవర్తి టైబీరియస్ 22-23లో వేసిన డుపోండియస్‌ల మీద మూడు స్త్రీ తలలున్నాయి: సాలుస్ అవ్‌గుస్టా, యుస్టిటియా (న్యాయదేవత), పీయెటాస్. సాలుస్‌ది టైబీరియస్ తల్లి లివియా ముఖమేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు, 22లో ఆమెకు పెద్ద జబ్బు చేసి తేరుకుంది కూడా. మిగతా రెండూ ఆమేనా అన్న వాదన తెగలేదు, ఎందుకంటే ఆ నాణేల మీద ఆమె పేరు లేదు. కాలిగులా 37-38లో వేసిన సెస్టర్షియస్‌లో ఆ దాపరికం లేదు. ముగ్గురు చెల్లెళ్ళు వరుసగా నిలబడి ఉంటారు, పక్కనే పేర్లు: ఆగ్రిప్పినా స్తంభానికి ఆనుకుని సెక్యూరిటాస్‌లా, ద్రుసిల్లా పళ్ళెంతో కాన్‌కార్డియాలా, యూలియా చుక్కానితో అదృష్ట దేవత ఫార్చునాలా. చిన్న ఫాస్టినాకు వచ్చేసరికి రాణి ఒక వైపు, దేవత ఇంకో వైపు. మీ నాణెంలో జూనో జూనోయే. నాణెం తిప్పినప్పుడు ఇద్దరూ ఒకటే అనిపించాలన్నది వేయించినవాళ్ళ ఉద్దేశం, దాన్ని చీటీ మీద "జూనోగా ఫాస్టినా" అని రాయకూడదు.

కృష్ణాతీరం:
మన నేల మాట. నాగార్జునకొండ తవ్వకాల్లో టైబీరియస్ బంగారు నాణెంతో పాటు పెద్ద ఫాస్టినా బంగారు నాణెం కూడా దొరికింది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన పదిహేను వందలకు పైగా వెండి డెనారియస్‌లు చాలావరకు అగస్టస్, టైబీరియస్‌లవి. టైబీరియస్ డెనారియస్ వెనక కూర్చున్న స్త్రీని లివియాగా చెబుతారు. అంటే రోమన్ రాణుల రూపు మన దాకా వచ్చింది, కానీ బంగారం, వెండి మీద. సెస్టర్షియస్ విలువ రోమ్ రాజ్యం మాట మీద నిలిచింది, హద్దు దాటితే అది తూకం లోహమే. మిరియాలకు, బట్టకు దాన్ని ఎవరు తీసుకుంటారు? దక్షిణాదిన దొరికిన రోమన్ రాగి చిల్లర ఎక్కువగా నాలుగు, ఐదు శతాబ్దాలది, అదీ తమిళనాడులో, శ్రీలంకలో. అందుకని "గుంటూరు పొలంలో దొరికిన సెస్టర్షియస్" అని ఎవరైనా అమ్మజూపితే ఆ కథను నమ్మకండి. నిజంగా నేలలో దొరికినదైతే 1878 నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధినైనా కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దేశం బయటికి పంపకూడదు. కొన్న రసీదు, పాత చీటీ రెండూ నాణెంతోనే ఉంచండి.

కాసులపేరు:
పాత చీటీ పారేయలేదు, దాని వెనక కొత్తది పెట్టాను. "చిన్న ఫాస్టినా, మార్కస్ ఆరీలియస్ కాలం, రోమ్. ఆస్ (డుపోండియస్ కావచ్చు). 11.24 గ్రా., 26 మి.మీ., సాంద్రత 8.85. బొరుసు: జూనో ఎడమకు, పళ్ళెం, రాజదండం, నెమలి, ఎస్ సి." ఎడమ అంచున 'ఎన్', 'ఓ' రెండూ తేలాయి. ద్రావణంలో వేసి మూడు వారాలైంది, రెండు సార్లు మార్చాను. గుంట అడుగున ఇంకా కొంచెం లేత పచ్చ ఉంది, పొడిగా లేదు, తడిగా అంటుకుంటోంది.

చిలుము_వైద్యం:
తడిగా ఉన్నప్పుడు తేల్చలేం. ఇంకో రెండు వారాలు ఉంచి, కడిగి, ఆరబెట్టి, మైనం రాయకుండానే డబ్బా బయట నాలుగు రోజులు పెట్టి చూడండి. పొడి మళ్ళీ లేస్తే సన్నటి సూదితో గుంటను ఇంకాస్త లోతుగా శుభ్రం చేసి మొదటి నుంచి. లేవకపోతే అప్పుడు మైనం.